కౌలు చేను, సొంత విత్తనం
(పిహెచ్.డి. తరువాతి పరిశోధన గురించి కొన్ని మాటలు)

సావనీరుకి వ్యాసం కావాలని యూనియన్ సెక్రటరీ నాలుగుసార్లు నా గదికి తిరిగాడు. ఏం రాయమంటావయ్యా అంటే, "మీ ఇష్టం సార్, మాకు పనికొచ్చేది ఏదైనా" అన్నాడు. అతను అలా వెళ్లాడో లేదో, మొన్ననే పిహెచ్.డి. వైవా ముగించుకున్న మా డిపార్టుమెంటు అమ్మాయి రెండు కాగితాలు పట్టుకుని వచ్చింది. రెండూ విదేశాల నుంచి వచ్చిన ఈ-మెయిళ్లే. ఒకటి పేరు మోసిన పెద్ద లేబరేటరీ నుంచి. రెండోది నేనెన్నడూ పేరు వినని ఓ చిన్న ఊళ్లోని యూనివర్శిటీ నుంచి. ఇద్దరూ పోస్ట్‌డాక్ ఇస్తామన్నారు.

"ఏది ఒప్పుకోమంటారు సార్? అసలు పోస్ట్‌డాక్ అంటే ఉద్యోగమా, చదువా? ఇంట్లో అడుగుతున్నారు. నాకు చెప్పడం రావడం లేదు" అంది.

పాతికేళ్ల కిందట మా నాన్న నన్ను అడిగిన ప్రశ్న ఇదే. అప్పుడు నాకూ చెప్పడం రాలేదు. చెప్పడం రాకుండానే విమానం ఎక్కాను. దానికి నేను చెల్లించుకున్న ఖరీదు మూడేళ్లు. ఆ అమ్మాయికి ఆ సాయంత్రం చెప్పిన మాటలే ఇక్కడ కొంచెం వరసగా రాస్తున్నాను.

ఉద్యోగమా, చదువా?

ముందు మాట అర్థం చూద్దాం. డాక్టరేటు పూర్తి చేసినవారు, స్థిరమైన ఉద్యోగంలో కుదురుకునే ముందు, మరొకరి లేబరేటరీలో కొంతకాలం జీతమో ఫెలోషిప్పో తీసుకుంటూ చేసే పరిశోధనే పోస్ట్‌డాక్. పరీక్షలుండవు, డిగ్రీ ఉండదు. కాబట్టి చదువు కాదు. పెన్షను ఉండదు, ప్రమోషను ఉండదు, గడువు తీరితే సెలవు. కాబట్టి మనవాళ్లు అనుకునే అర్థంలో ఉద్యోగమూ కాదు. మధ్యలో ఉన్న మజిలీ అన్నమాట.

ఈ పద్ధతికి వందేళ్ల చరిత్ర ఉంది. 1919లో అమెరికాలోని నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన డబ్బుతో భౌతిక, రసాయన శాస్త్రాలలో డాక్టరేటు అయిన యువకులకు ఫెలోషిప్పులు మొదలుపెట్టింది. పాఠాలు చెప్పే బరువు లేకుండా కొన్నాళ్లు పరిశోధన మీదే కూర్చోనిస్తే స్వతంత్రంగా ఆలోచించే శాస్త్రజ్ఞులు తయారవుతారని ఆశ. రాబర్ట్ ఓపెన్‌హైమర్ 1927లో డాక్టరేటు పుచ్చుకున్నాక ఈ ఫెలోషిప్పు మీదే పనిచేశాడు. అంటే పుట్టుకలోనే ఈ ఏర్పాటు ఉద్దేశం స్పష్టం: గైడు చాటున ఉన్న విద్యార్థి సొంత కాళ్ల మీద నిలబడటం నేర్చుకునే కాలం ఇది.

తరువాత రోజుల్లో ప్రభుత్వాల డబ్బు ప్రొఫెసర్ల ప్రాజెక్టుల మీదుగా రావడం పెరిగింది. ప్రాజెక్టు అన్నాక పని జరగాలి, రిపోర్టు వెళ్లాలి. దానికి పనితెలిసిన చేతులు కావాలి. పోస్ట్‌డాక్ అంటే ఆ చేతులు కూడా అయింది. ఒకే పేరు కింద రెండు వేరు వేరు సంగతులు నడుస్తున్నాయి కాబట్టే మన పిల్లలకు తికమక.

డబ్బు ఎవరిది?

ఆ తికమక తీరాలంటే అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. డబ్బు ఎవరి పేరున వస్తుందో పని కూడా చాలావరకు వారి మాట ప్రకారమే సాగుతుంది.

ఒకటి, మన పేరున వచ్చే ఫెలోషిప్పు. ప్రతిపాదన మనమే రాసి పంపాలి. జర్మనీలో హంబోల్ట్ ఫౌండేషన్ ఇచ్చేది ఇలాంటిదే. డాక్టరేటు అయిన నాలుగేళ్లలోపు వారు 6 నుంచి 24 నెలల కాలానికి అడగవచ్చు. యూరప్ దేశాలలో మేరీ స్క్వొడోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్పులున్నాయి. దీనికి ఒక షరతు ఉంది: వెళ్లదలచిన దేశంలో గడచిన 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, ఇంజనీరింగు చదివి జీవశాస్త్రంలోకి మళ్లాలనుకునేవారి కోసం హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రాం మూడేళ్ల ఫెలోషిప్పును విడిగా ఉంచింది. మన దేశంలో నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్పు రెండేళ్లది. ఇదివరకు సెర్బ్ ఇచ్చేది. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్‌లో సెర్బ్ కలిసిపోయాక ఇది దాని కిందికి వచ్చింది. వయోపరిమితులు, సడలింపులు, మొత్తాలు మారుతూ ఉంటాయి. ఆ ఏటి నోటిఫికేషను చూసుకోకుండా పాత సీనియరు మాట పట్టుకుని ఎవరూ అప్లికేషను పెట్టకండి.

రెండు, ప్రొఫెసరు ప్రాజెక్టులోంచి వచ్చే జీతం. విదేశాల్లో ఎక్కువ పోస్టులు ఈ బాపతే. మన దగ్గర దీన్ని రిసెర్చ్ అసోసియేట్ అంటాం. 2023 జనవరి 1 నుంచి అమలైన కేంద్ర ప్రభుత్వ రేట్ల ప్రకారం ఇందులో మూడు మెట్లు: నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం.

మూడు, సంస్థలు తమ సొంత నిధుల నుంచి ఇచ్చేవి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సి వంటి చోట్ల ఇవి ఉన్నాయి. నాలుగు, పరిశ్రమలు, జాతీయ ప్రయోగశాలలు ఇచ్చేవి.

ప్రాజెక్టు డబ్బు చెడ్డదనీ, ఫెలోషిప్పు డబ్బు మంచిదనీ నేననడం లేదు. ప్రాజెక్టులో చేరి రాణించినవాళ్లు బోలెడుమంది. ఏ ఒప్పందంలోకి దిగుతున్నామో తెలిసి దిగాలంటున్నాను. నేను తెలియకుండా దిగాను.

నా పొరపాటు

నేను 1992లో ఈ కాలేజీలోనే బి.టెక్. పూర్తి చేశాను. 1999లో పిహెచ్.డి. వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పునీటిలో ఎందుకు గుంటలు పడుతుందీ అన్నది నా థీసిస్. ఆ ఏడే ఒక చలిదేశంలోని పెద్ద లేబరేటరీలో పోస్ట్‌డాక్ దొరికింది. ఉత్తరం వచ్చిన రోజున హాస్టల్లో అందరికీ మైసూరుపాకు పంచాను. ఉత్తరంలో పని గురించి రెండే వాక్యాలున్నాయని అప్పుడు గమనించలేదు.

అక్కడ ఒక యంత్రం ఉండేది. లోహం పైపొరలో ఏ మూలకాలున్నాయో, ఏ రూపంలో ఉన్నాయో ఎక్స్‌రే కిరణాలతో చెబుతుంది. లోపల అత్యంత శూన్యం ఉండాలి. ఒకసారి గాలి సోకిందంటే గోడలు వేడిచేసి, పంపులు నడిపి, తిరిగి ఆ శూన్యం తెప్పించడానికి రోజులు పడుతుంది. దాని ఆనుపానులు నాకు తొందరగా పట్టుబడ్డాయి. అదే నా కొంప ముంచింది. లేబరేటరీలో ఎవరికి శాంపిల్ చూడాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. నేను చూసి పెట్టేవాడిని. పేపరు అచ్చయినప్పుడు నాలుగో పేరో ఆరో పేరో నాది. మూడేళ్లలో పదకొండు పేపర్లు! ప్రొఫెసరుగారు చెడ్డవాడేమీ కాదు, నా పని మెచ్చుకునేవాడు, అడగకుండానే గడువు పొడిగించేవాడు. నేనూ సంతోషంగానే ఉన్నాను. నీ సొంత పని ఏమిటని ఆయన అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

ఆదివారం ఆదివారం మా ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవాణ్ణి. నాన్న ముందే వచ్చి బల్ల మీద కూర్చుని ఉండేవాడు. "ఇంకా ఎన్నాళ్లురా?" అనేవాడు. "ఇంకో ఏడాది నాన్నా" అనేవాణ్ణి. మూడేళ్లూ అదే మాట.

2002లో మన దేశంలోనే ఒక సంస్థలో ఇంటర్వ్యూకి పిలిచారు. ఎదురుగా అయిదుగురు. నా పేపర్ల జాబితా చూసి అందరూ తలలూపారు. చివర కూర్చున్న పెద్దాయన ఒక్కరే జాబితా పక్కన పెట్టి, "ఈ పదకొండింటిలో మీ ప్రశ్న ఏది?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. ఆయన మళ్లీ, "సరే, రేపు మీకు ఖాళీ గది ఒకటీ, అయిదు లక్షల రూపాయలూ ఇస్తాం. ఏం మొదలుపెడతారు?" అన్నారు. నేను ఆ యంత్రం కావాలన్నాను. "దానికి కోట్లు కావాలి బాబూ. అది లేకపోతే?" అన్నారు. నా నోట మాట రాలేదు. ఏసీ గదిలో చొక్కా తడిసిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఉద్యోగం రాలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. నాన్న కౌలు రైతు. నాలుగెకరాలు మాగాణి ఇతరులది చేసేవాడు. అంతా విని కాసేపు ఊరుకున్నాడు. తరువాత, "అబ్బాయ్, చేను వాళ్లది. పంటలో వాళ్ల బస్తాలు వాళ్లకి కొలుస్తాం. అయినా వచ్చే ఏడుకి విత్తనం మనింట్లో విడిగా కట్టి పెట్టుకుంటాం గదా. నువ్వు మూడేళ్లు కౌలు చేసొచ్చావు. విత్తనం ఏదిరా?" అన్నాడు.

పిహెచ్.డి. గైడుగారు చెప్పని పాఠం అది.

మళ్లీ మొదటి నుంచి

అదే ఏడు మన దేశంలోనే ఒక చోట, విదేశాల్లో వచ్చిన దానిలో పదో వంతు కూడా లేని జీతానికి, మరో పోస్ట్‌డాక్‌లో చేరాను. ఈసారి చేరకముందే ప్రొఫెసరుగారితో కూర్చుని మాట్లాడాను. ఆయన ప్రాజెక్టు కాంక్రీటులో ఇనుము తుప్పు గురించి. సగం కాలం ప్రాజెక్టుకు, సగం కాలం నేను తెచ్చుకున్న ప్రశ్నకు అని అనుకున్నాం.

నా ప్రశ్న ఆకాశంలోంచి ఊడిపడలేదు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో పదిహేనేళ్లకే స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడటం మీరూ చూసే ఉంటారు. మంచి కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, పిహెచ్ 12 పైనే ఉంటుంది. దానివల్ల చువ్వ మీద పల్చని ఆక్సైడు పొర ఏర్పడి కాపు కాస్తుంది. ఉప్పులోని క్లోరైడు సూక్ష్మరంధ్రాల గుండా లోపలికి చేరితే ఆ పొర అక్కడక్కడ తెగుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పగులుతుంది. థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన సిమెంటు వాడితే ఈ క్లోరైడు రాక ఎంత మందగిస్తుంది, మన దగ్గర దొరికే బూడిదతో, మన మేస్త్రీలు కలిపే పాళ్లలో? అదీ నా ప్రశ్న.

దీనికి కోట్ల యంత్రం అక్కరలేదు. రాగి, రాగి సల్ఫేటు ఎలక్ట్రోడు ఒకటి, మంచి వోల్టుమీటరు ఒకటి ఉంటే చువ్వ పొటెన్షియల్ కొలవవచ్చు. అది మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే దిగువకు పోయిందంటే ఆ చోట తుప్పు సాగుతూ ఉండే అవకాశం 90 శాతం పైమాటే అని ఇంజనీర్ల లెక్క. తుప్పు వేగం తెలియాలంటే పొటెన్షియోస్టాట్ కావాలి. అదీ ఒక మామూలు డిపార్టుమెంటు కొనుక్కోగలిగిందే. రెండేళ్లలో నా పేరు మొదట ఉన్న పేపర్లు రెండే వచ్చాయి. 2005లో ఇక్కడి ఇంటర్వ్యూలో ఖాళీ గదిలో ఏం చేస్తారని ఎవరూ అడగకముందే నేనే చెప్పాను. ఇప్పుడు మీరు మా లేబరేటరీలో చూసే ఉప్పునీటి తొట్లు, సిమెంటు దిమ్మలు అన్నీ ఆ విత్తనం నుంచి వచ్చినవే.

పెద్దల దారి

నాబోటివాడి కథతో సరిపెట్టుకోకండి. పెద్దల జీవితాల్లోనూ ఇదే కనబడుతుంది.

హరగోవింద ఖొరానా 1948లో లివర్‌పూల్‌లో డాక్టరేటు పూర్తిచేసి, జ్యూరిక్‌లో వ్లాదిమిర్ ప్రెలోగ్ దగ్గరికి వెళ్లాడు. అక్కడ జీతం లేదు. దాచుకున్న డబ్బుతో నెలల తరబడి నెట్టుకొచ్చాడు. పాత జర్మన్ గ్రంథాలు తిరగేస్తుండగా కార్బోడైమైడ్ల సంగతి ఆయన కంటపడింది. 1949లో స్వదేశానికి వస్తే తగిన ఉద్యోగం దొరకలేదు. కేంబ్రిడ్జిలో అలెగ్జాండర్ టాడ్ దగ్గర మళ్లీ ఫెలోషిప్పులో చేరి, 1952లో కెనడాలోని వాంకూవరు వెళ్లి సొంత బృందం కట్టాడు. న్యూక్లియోటైడ్ల తయారీలో ఆయనకు అక్కరకొచ్చిన ముఖ్య సాధనాల్లో జ్యూరిక్‌లో చదివిన ఆ కార్బోడైమైడ్లు ఒకటి. 1968లో నోబెల్ బహుమతి వచ్చింది. జీతం లేని ఏడాదిలో మూటగట్టుకున్న విత్తనం అది.

వెంకట్రామన్ రామకృష్ణన్ 1976లో ఒహాయో యూనివర్శిటీలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నాడు. తీసుకున్నాక తన మనసు జీవశాస్త్రం మీద ఉందని గ్రహించి, కాలిఫోర్నియాలో రెండేళ్లు మళ్లీ విద్యార్థిగా కూర్చున్నాడు. 1978లో యేల్‌లో పీటర్ మూర్ దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరాడు. అక్కడ పట్టుకున్న సమస్య రైబోజోము నిర్మాణం. తరువాత యాభై దాకా యూనివర్శిటీలకు దరఖాస్తులు పెడితే ఒక్కరూ ఉద్యోగం ఇవ్వలేదు. జాతీయ ప్రయోగశాలల్లో చేరాడు. సంస్థలు మారాయి, దేశం మారింది, పద్ధతి మారింది, ప్రశ్న మాత్రం వెంటే ఉంది. 2000లో రైబోజోము చిన్నభాగం నిర్మాణం తేలింది. 2009లో నోబెల్ వచ్చింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి మాట చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. 1923లో ఆయన బోస్టన్ చేరారు. ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో ప్రకటించారు. కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద వారి పని జగత్ప్రసిద్ధం. 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. అయ్యాక మరో పదేళ్లు అక్కడే ఉన్నారు. స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారి పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, కేన్సరుకు వాడిన తొలి యాంటీఫోలేట్లు, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ ఆ బృందం నుంచి వచ్చినవే. 1948లో కాలం చేశారు. యూనివర్శిటీలో చోటు దొరకలేదంటే పరిశోధన ముగిసిందని బెంగపడే పిల్లలు ఈ జీవితం చదవాలి.

సైన్సు వేరు, ఇంజనీరింగు వేరు

అందరికీ ఒకే మందు పనికిరాదు. జీవశాస్త్రంలో ప్రయోగాలు నెమ్మదిగా సాగుతాయి. పోటీ ఎక్కువ. ఒక పోస్ట్‌డాక్, దాని తరువాత మరొకటి మామూలే. గణితంలో చాలాచోట్ల పోస్ట్‌డాక్‌తో పాటు పాఠాలు చెప్పే బాధ్యత కూడా ఉంటుంది. ఇంజనీరింగులో పిహెచ్.డి. కాగానే పరిశ్రమ పిలుస్తుంది కాబట్టి ఏడాదో రెండేళ్లో చేసినవారే ఎక్కువ. అసలు చేయకపోయినా తప్పులేదు. చిప్ డిజైను కంపెనీలో చేరదలచినవాడు, ఇంకేం తోచక పోస్ట్‌డాక్‌లో కూర్చోవడం కాలహరణమే.

అయితే బోధనలోకి రాదలచిన ఇంజనీర్లకు ఒక లెక్క ఉంది. ఐఐటీల్లో గ్రేడు-1 అసిస్టెంట్ ప్రొఫెసరుకు పిహెచ్.డి. తరువాత కనీసం మూడేళ్ల అనుభవం అడుగుతారు. అంతకు తక్కువ ఉన్నవారిని గ్రేడు-2లో తీసుకునే వీలుంది. మంచి పోస్ట్‌డాక్ ఆ అనుభవం కిందికి వస్తుంది.

ఉత్తరం, మూడు ప్రశ్నలు

ఇప్పుడు చేయవలసిన పని. థీసిస్ ఇచ్చాక వెతుకుదామని ఆగకండి. పది నెలల ముందే మొదలుపెట్టండి. రెండువందలమందికి ఒకే ఉత్తరం పంపితే అది తెరవకుండానే చెత్తబుట్టకు చేరుతుంది. పదిమందిని ఎంచుకోండి. ఒక్కొక్కరివి ఇటీవలి పేపర్లు రెండు మూడు శ్రద్ధగా చదవండి. ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. మీరేం చేశారో నాలుగు వాక్యాలు, మీ చేతికి వచ్చిన పని ఏమిటో రెండు వాక్యాలు, వారి పనిలో మీకు తోచిన ప్రశ్న ఒకటి. ఆ చివరిది లేని ఉత్తరానికి విలువ తక్కువ. "తమ పాదాల చెంత" తరహా వినయాలు వద్దు.

ఒప్పుకునే ముందు ఈ మూడూ అడగండి. ఒకటి: నేను పనిచేయబోయే ప్రశ్న ఎవరిది, అందులో నా వంతు ఏది? రెండు: డబ్బు ఎక్కడిది, ఎన్నాళ్లకు ఉంది, పొడిగింపు దేనిమీద ఆధారపడుతుంది? మూడు: వెళ్లేటప్పుడు ఈ పనిలో ఏ భాగాన్ని నాదిగా తీసుకెళ్లవచ్చు? మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు. కోప్పడ్డారంటే అదీ ఒక జవాబే. అక్కడ ఇదివరకు పనిచేసి వెళ్లినవారు ఇద్దరితోనైనా మాట్లాడండి. ఇప్పుడు వాళ్లు ఎక్కడున్నారో చూడండి. ప్రొఫెసరుగారి కీర్తి కంటే అదే ఎక్కువ చెబుతుంది.

గడువు మీరే పెట్టుకోండి. పొడిగింపు తియ్యగా ఉంటుంది, నాకు తెలుసు. అమెరికాకు జె-1 వీసా మీద రిసెర్చ్ స్కాలరుగా వెళ్తే గరిష్ఠం అయిదేళ్లు. ఆ తరువాత అదే తరహాలో మళ్లీ వెళ్లాలంటే 24 నెలలు ఆగాలి. వీసా గడువు గుర్తుంచుకుని, జీవితం గడువు మరచిపోయినవాళ్లను చూశాను. స్వదేశానికి రాదలచినవాళ్లు చివరి నెలలో కాకుండా ఏడాదిన్నర ముందే దారి చూసుకోవాలి. ఇన్‌స్పయర్ ఫ్యాకల్టీ, జీవశాస్త్రాలవారికి రామలింగస్వామి ఫెలోషిప్పు వంటివి ఇందుకోసమే ఉన్నాయి.

ఆడపిల్లలకు ఇంకో చిక్కుంది, దాచడం దేనికి? పిహెచ్.డి. ముగిసే వయసు, పెళ్లి మాటలు వచ్చే వయసు ఒకటే. "రెండేళ్లే" అని ఇంట్లో చెప్పాలంటే ఆ రెండేళ్లలో ఏం వస్తుందో ముందు మనకు తెలియాలి. పైన చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబులు చేతిలో ఉంటే ఇంట్లో వాదన సగం తేలికవుతుంది.

ఆ అమ్మాయి ఏం చేసింది?

ఇద్దరికీ ఆ మూడు ప్రశ్నలూ రాసింది. పెద్ద లేబరేటరీ ఆఫీసు నుంచి, ముందు చేరండి, పని తరువాత చూద్దాం అని జవాబు వచ్చింది. చిన్న ఊరి ప్రొఫెసరుగారు మర్నాడే వరసగా మూడింటికీ రాశారు. ప్రాజెక్టులో మొదటి రెండు భాగాలు తమవనీ, మూడోది ఆమె రూపొందించుకోవచ్చనీ, వెళ్లేటప్పుడు పట్టుకుపోవచ్చనీ, డబ్బు రెండేళ్లకే ఖాయమనీ. పెద్ద చోట కూడా అదృష్టం కలిసిరావచ్చు, ఇంకోసారి అడిగి చూడమన్నాను. అడిగింది. అదే జవాబు. చిన్న ఊరికే ఒప్పుకుంది. అది సరైన నిర్ణయమో కాదో రెండేళ్ల తరువాత ఆమే చెప్పాలి.

వెళ్లేముందు చెప్పిపోదామని వచ్చినప్పుడు, "ఇంట్లో ఏం చెప్పావమ్మా, ఉద్యోగమనా, చదువనా?" అని అడిగాను.

"రెండేళ్ల కౌలు అని చెప్పాను సార్. ఎకరాకి ఎన్ని బస్తాలమ్మా అని అడిగారు మా నాన్న" అని నవ్వింది.

మిత్రులారా, మీలో ఎవరికైనా ఇలాంటి ఉత్తరం వస్తే, మైసూరుపాకు పంచండి, తప్పులేదు. ఆ తరువాత ఉత్తరం మరోసారి చదివి, పని గురించి ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెట్టండి. అనుమానం ఉంటే సాయంత్రం నాలుగు తరువాత నా గదికి రండి. తొట్ల పక్కన ఎక్కడో అక్కడ ఉంటాను.